మసాలా పొట్లంలో సగం చాలు

పన్నెండేళ్లుగా ఇన్‌స్టంట్ నూడుల్స్ తింటున్నాను. హాస్టల్ గదిలో వార్డెన్ కంట పడకుండా ఎలక్ట్రిక్ కెటిల్‌లో ఉడికించుకున్న రోజుల్లో మొదలైన అలవాటు ఇది. ఇప్పుడు సొంత వంటిల్లు, సొంత మూకుడు వచ్చినా వారానికి ఒక ప్యాకెట్ తెగుతూనే ఉంది. ఈ మధ్య నెల రోజులు మా ఇంట్లో ఉండి వెళ్లిన అమ్మ, నేను పోపు సామాను ముందేసుకుని నూడుల్స్‌కు సిద్ధం కావడం చూసి, "ఉడకబెట్టిన దారాలకు ఇంత ఆర్భాటమా నాన్నా?" అంది. ఆర్భాటమే. కానీ ఇన్నేళ్లలో చాలా పాడుచేసుకుని నేర్చుకున్న ఆర్భాటం.

ముందు నీళ్ల సంగతి. 70 గ్రాముల ప్యాకెట్‌కు నాకు కుదిరిన కొలత 220 మిల్లీలీటర్లు. పొయ్యి ఆపేటప్పటికి అడుగున రెండు చెంచాల నీరు ఇంకా కనిపించాలి. "కొంచెం ఇగరనిద్దాం" అనుకున్న ప్రతిసారీ పళ్లెంలోకి ముద్దే వచ్చింది. దానికి కారణం ఉంది. మామూలు రకం నూడుల్స్‌ను ఫ్యాక్టరీలో ముందే ఆవిరి మీద ఉడికించి, నూనెలో వేయించేస్తారు. 1958లో జపాన్‌లో మోమోఫుకు ఆండో బజారులోకి తెచ్చిన పద్ధతి ఇదే. నూనె వేడికి లోపలి తడి ఆవిరైపోయి సన్నని రంధ్రాలు మిగులుతాయి. నిమిషాల్లో మెత్తబడేది ఆ రంధ్రాల వల్లే. పొయ్యి ఆపినా అవి నీళ్లు పీల్చడం ఆపవు. అందుకే నూడుల్స్ చేతికొచ్చాక ఫోన్ ఎత్తకూడదు.

బిళ్లను విరవను. సేమ్యా ఉప్మాకు అలవాటు పడిన ఇళ్లలో నాలుగు ముక్కలు చేసి వేస్తారు, తప్పేమీ లేదు. కాకపోతే చివరికి చెంచాతో తినే ఉప్మాయే అవుతుంది.

ఇక మసాలా పొట్లం. నేను కొనే రకాల వెనుక చదివితే ఒక్కో ప్యాకెట్‌కు సుమారు 700 నుంచి 900 మిల్లీగ్రాముల సోడియం ఉంటుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 2,000 మిల్లీగ్రాముల లోపే ఉండాలంటోంది. ప్యాకెట్‌లోని సోడియంలో ఎక్కువ భాగం ఈ పొట్లంలోనే ఉంది. ఆరోగ్యం మాట అటుంచినా, రుచి పరంగా నాకు అర్థమైంది ఇది: పొట్లం మొత్తం వేశాక మనం ఇంకేం కలిపినా ఉప్పు మీద ఉప్పే. పచ్చళ్లు, పొడులు, చీజ్, సోయా సాస్, ఏదైనా అంతే. సగం వేస్తేనే మన వంటకు చోటు దొరుకుతుంది.

ఆ చోటులో ఎన్ని తప్పులు చేశానో! మరుగుతున్న నీళ్లలో ఆవకాయ ముద్ద వేస్తే ఆవపిండి చేదెక్కింది. టమాటాలు పచ్చివే కోసి వేస్తే నీళ్లు ఎక్కువై, పులుపు విడిగా తేలింది. ఇంగువ, ఆ మసాలా పక్కపక్కన ఇమడవు. బీన్స్ ఉడికేలోగా నూడుల్స్ చితికిపోతాయి. కూరగాయ వేయక తప్పదంటే దారంలా తరిగిన క్యాబేజీ ఒక్కటే దారికి వచ్చింది, అదీ చివరి నిమిషంలో. గుడ్డు కొట్టి కలపడం మానేశాను. మధ్యలో గుంట చేసి పగలగొట్టి, మూతపెట్టి, సన్నటి సెగ మీద రెండు నిమిషాలు వదిలేస్తే తెల్లసొన గట్టిపడి పచ్చసొన జారుగా ఉంటుంది.

నా రుచికి నిలిచింది మాత్రం పోపు. చెంచా నెయ్యిలో ఆవాలు, జీలకర్ర చిటపటలాడాక రెండు ఎండుమిర్చి, కచ్చాపచ్చాగా దంచిన నాలుగు వెల్లుల్లి రెబ్బలు, కరివేపాకు. వెల్లుల్లి అంచులు ఎర్రబడగానే పళ్లెంలో ఉన్న నూడుల్స్ మీద ఒక్కసారిగా ఒంపాలి. ముందే పోపు వేసి అందులో నీళ్లు పోసి ఉడికిస్తే ఆ వాసనంతా నీళ్ల పాలవుతుంది. పప్పుకు చివర్లో పెట్టే పోపు లాంటిదే ఇది. పైన అర చెంచా కందిపొడి చల్లితే ఆ రోజు ఇంకేమీ అక్కర్లేదు.

వానాకాలంలో మిరియాల చారుతో తింటాను. దీనికి పొట్లం అసలు విప్పను. నూడుల్స్‌ను విడిగా నీళ్లలో ఉడికించి, వార్చి, గిన్నెలో వేసుకుని పొగలు కక్కే చారు పైన పోసుకోవాలి. చారులోనే ఉడికిస్తే మైదా గంజి దిగి చారు చిక్కబడి, అటు కూరా కాక, ఇటు చారూ కాక మిగులుతుంది. జలుబు చేసిన రోజున ఈ గిన్నెకు సాటి వచ్చేది నాకింకా దొరకలేదు.

కొరియా రకాలూ ప్రయత్నించాను. ఒక ఎర్ర పొట్లాన్ని, గుంటూరు కారం తిన్న నాలుక కదా అన్న ధీమాతో, మొత్తం పిండేశాను. ఆ కారం మన మిరపకారంలా వచ్చి పోయేది కాదు, తీపి చాటున దాక్కుని వచ్చి అక్కడే మకాం పెట్టింది. పెరుగన్నంతో గానీ శాంతించలేదు. ఇప్పుడు ఆ పొట్లంలో పావు వంతే పిండుకుని, కాసిన్ని పాలు కలుపుతాను. నూడుల్స్ మాత్రం వాటివే బాగుంటాయి, లావుగా, సాగుతూ.

నేను వాడుతూ వచ్చిన రకం ఒకటి ధర అదే ఉంచి, బరువు మెల్లగా తగ్గించింది. పది గ్రాములే అయినా నా నీళ్ల కొలత చెడింది. ఇప్పుడు కొనేముందు బరువు చూస్తాను, మీరూ చూడండి.

మిగిలిన సగం పొట్లాలన్నీ ఒక సీసాలో పోస్తూ వచ్చాను. బంగాళాదుంప వేపుడు దించే ముందు, ఉప్పు తగ్గించి, అందులోంచి ఒక చెంచా చల్లుతాను. ఊరికి బయలుదేరేటప్పుడు అమ్మ ఆ సీసాను పాత చీరలో చుట్టి తన సంచిలో పెట్టుకుంది. అలమారలోని నూడుల్స్ ప్యాకెట్ల వైపు చూడనైనా లేదు.