అమ్మానాన్నలతో జలపాతానికి: అమికలోలానా, టల్లూలా గార్జా?

వేసవి వచ్చిందంటే ఇండియా నుంచి అమ్మానాన్నలు, అత్తమామలు దిగుతారు. జెట్‌లాగ్ తీరీ తీరకముందే అమెరికాలో అట్లాంటా చుట్టుపక్కల ఉండే కమ్మింగ్, ఆల్ఫారెట్టా, జాన్స్ క్రీక్ వాట్సాప్ గ్రూపుల్లో అదే ప్రశ్న మొదలవుతుంది: "పెద్దవాళ్లను జలపాతానికి తీసుకెళ్దామనుకుంటున్నాం. అమికలోలా మేలా, టల్లూలా గార్జ్ మేలా?" జవాబు కూడా ఎప్పుడూ ఒకటే వస్తుంది, రెండూ బాగుంటాయని. బాగుంటాయి, నిజమే. కానీ అరవై దాటిన మోకాళ్లకు రెండూ ఒకటి కాదు. మొన్న మా అమ్మానాన్నలు వచ్చినప్పుడు మేం అమికలోలాకే వెళ్లాం. ఎందుకో చెప్తాను.

ఖర్చులో తేడా లేదు. రెండూ జార్జియా స్టేట్ పార్కులే, కారుకు రోజు పార్కింగ్ పాసు కొనాలి. ఒక పార్కులో కొన్న రోజు పాసు ఆ రోజంతా మిగతా స్టేట్ పార్కుల్లోనూ చెల్లుతుంది. దూరానికి వస్తే, కమ్మింగ్ నుంచి జీఏ 400 హైవే మీద డాసన్‌విల్ వైపు వెళ్తే గంటలోపే అమికలోలా. టల్లూలా ఈశాన్యంగా ఇంకా పైన, సౌత్ కరోలినా సరిహద్దుకు దగ్గర్లో ఉంది. అక్కడికి ఇంకో అరగంట వేసుకోవాలి.

ఇక అసలు సంగతి మెట్లు. అమికలోలాలో కింది నుంచి పైదాకా 604 మెట్లు. టల్లూలా లోతైన లోయ. అక్కడ వేలాడే వంతెన దాటి, హరికేన్ ఫాల్స్ అనే జలపాతం దాకా దిగి, చుట్టి పైకి వస్తే వెయ్యికి పైనే. చాలామంది ఈ అంకెలు చూసి తేల్చేస్తారు. పెద్దవాళ్లేమో "అలిపిరి నుంచి మూడువేల అయిదువందల మెట్లు ఎక్కినవాళ్లం, ఇదొక లెక్కా" అంటారు. మా నాన్న కూడా అదే మాటన్నారు. కానీ అలిపిరిలో ఎక్కడమే ఉంటుంది. కొండమీదకి చేరాక దర్శనం చేసుకుని బస్సులో దిగొచ్చు. టల్లూలాలో ముందు దిగాలి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు ఎక్కడం కంటే దిగడమే కష్టం. అలా దిగి అలిసిపోయాక, దిగినన్ని మెట్లూ మళ్లీ ఎక్కి తీరాలి, ఎందుకంటే కారు పైన, లోయ అంచు మీద ఉంటుంది. సగంలో "నావల్ల కాదురా" అంటే చేయగలిగేది ఏమీ లేదు.

అందుకే నన్నడిగితే మెట్లు ఎన్ని అన్నది రెండో ప్రశ్న. కారు ఎక్కడిదాకా వెళ్తుంది అన్నది మొదటి ప్రశ్న. ఆ ప్రశ్న దగ్గర అమికలోలాకు సాటి లేదు. అక్కడ జలపాతం అడుగున, నడుమ, నెత్తిన మూడు చోట్లా పార్కింగ్ ఉంది.

చాలామంది గేటు దాటగానే కింద చెరువు దగ్గర కారు ఆపేసి అక్కడి నుంచి మొదలుపెడతారు. పెద్దవాళ్లుంటే అలా చేయకండి. లాడ్జి వైపు ఎక్కే రోడ్డులో వెస్ట్ రిడ్జ్ పార్కింగ్ అని బోర్డు ఉంటుంది. అక్కడి నుంచి జలపాతం నడుమనున్న వంతెన దాకా మైలులో మూడో వంతు కూడా ఉండదు. ఒక్క మెట్టు లేదు. పాత టైర్ల రబ్బరుతో వేసిన దారి, పాదానికి మెత్తగా ఉంటుంది, వీల్‌చెయిర్ కూడా వెళ్తుంది. మా అమ్మ చెప్పులతోనే నడిచింది.

ఆ వంతెన మీద నిలబడితే 729 అడుగుల జలపాతం ఎదురుగా ఉంటుంది. ఒక్క ఉదుటున పడే ధార కాదిది. రాళ్ల మీద అంచెలంచెలుగా విరిగి, తెల్లగా పరుచుకుని, మన కాళ్ల కిందుగా దూరి పోతుంది. తుంపర ముఖానికి కొడుతుంది, పట్టుకున్న రెయిలింగ్ తడిగా ఉంటుంది. అమ్మ కొంగుతో కళ్లద్దాలు తుడుచుకోవడం, పెట్టుకోవడం, మళ్లీ తుడుచుకోవడం. ఎంతసేపు పిలిచినా కదల్లేదు.

పిల్లలు, కుర్రవాళ్లు ఉంటే ఇలా చేయండి. వాళ్లను కింద దించేయండి. ఒకరు పెద్దవాళ్లను వెస్ట్ రిడ్జ్‌కు కారులో తీసుకెళ్తారు. కింది నుంచి వచ్చేవాళ్లు నూటడెబ్బై పైచిలుకు మెట్లెక్కితే వంతెన. అందరూ అక్కడ కలుస్తారు, ఫొటోలన్నీ అక్కడే. తర్వాత ఓపికున్నవాళ్లు మిగతా నాలుగువందల చిల్లర మెట్లు ఎక్కుతారు, పెద్దవాళ్లు వచ్చిన దారినే కారుకు వచ్చి పై పార్కింగ్‌కు వెళ్తారు. అక్కడి నుంచి నాలుగడుగులు వేస్తే జలపాతం నెత్తిన ఉన్న ప్లాట్‌ఫామ్. మళ్లీ అందరూ ఒకచోట. పైనుంచి ధార కనిపించదు, నీళ్లు అంచు దాటి మాయమవడం, దూరంగా లోయ కనిపిస్తాయి. ఫోన్ సిగ్నల్‌ను నమ్ముకోకండి, ఎక్కడ కలవాలో ముందే మాట్లాడుకోండి. పైకెళ్లే రోడ్డు బాగా నిటారుగా ఉంటుంది, దిగేటప్పుడు లో గేర్‌లో రండి.

ఒకరికి నడక, ఒకరికి కారు, అయినా కుటుంబమంతా కలిసే చూసినట్టు ఉంటుంది. "మీరు వెళ్లి రండి, మేం కారులో కూర్చుంటాం" అనే అవసరం ఎవరికీ రాదు. పదిహేను గంటలు విమానంలో కూర్చుని వచ్చినవాళ్లను పార్కింగ్‌లో కూర్చోబెట్టడం నాకు ఇష్టం ఉండదు. నేను అమికలోలా వైపు మొగ్గడానికి ముఖ్య కారణం ఇదే.

బాత్రూముల సంగతి కూడా చెప్పాలి. షుగర్ ఉన్నవాళ్లకు అది చిన్న విషయం కాదు. కింద విజిటర్ సెంటర్‌లో ఉన్నాయి, పైన లాడ్జిలో ఉన్నాయి. లాడ్జిలో రెస్టారెంట్ ఉంది గానీ మేం పులిహోర, పెరుగన్నం పట్టుకెళ్లి పిక్నిక్ బల్లల దగ్గర తిన్నాం. తిన్నాక డబ్బాలు, విస్తర్లు బయట వదలకండి, ఆ అడవుల్లో నల్ల ఎలుగుబంట్లు తిరుగుతుంటాయి.

మార్చి, ఏప్రిల్‌లలో వెళ్తే పెద్ద పెద్ద బ్యాగులు మోసుకుని బయల్దేరేవాళ్లు కనిపిస్తారు. ఇక్కడి నుంచి 8.5 మైళ్ల దూరంలోని స్ప్రింగర్ పర్వతం దగ్గర అప్పలాచియన్ ట్రెయిల్ అనే పొడవాటి కాలినడక దారి మొదలై మెయిన్ రాష్ట్రం దాకా, 2,190 మైళ్లకు పైగా సాగుతుంది. నాన్నకు ఈ ముక్క చెప్పగానే జలపాతాన్ని వదిలేసి వాళ్ల బ్యాగుల్లో ఏముంటుందో అడగడం మొదలుపెట్టారు.

టల్లూలాను తక్కువ చేయడం లేదు. చూపుకి అదే గొప్పది. రెండు మైళ్ల పొడవు, దాదాపు వెయ్యి అడుగుల లోతున్న లోయ, అందులో వరసగా జలపాతాలు. 1970 జూలై 18న కార్ల్ వాలెండా అనే 65 ఏళ్ల మనిషి ఈ లోయకు అడ్డంగా కట్టిన తీగ మీద నడిచి దాటాడు, మధ్యలో రెండుసార్లు తలకిందులుగా నిలబడ్డాడు కూడా. ఉత్తరం అంచు మీద రెయిలింగ్ పట్టుకుని కిందికి చూస్తే ఆ మాట నమ్మబుద్ధి కాదు. పెద్దవాళ్లతో వెళ్లినా ఇంటర్‌ప్రెటివ్ సెంటర్ (పార్కు సమాచార కేంద్రం) దగ్గరి వ్యూ పాయింట్లు మెల్లగా చూపించవచ్చు. కానీ అందరూ చెప్పుకునే వేలాడే వంతెన కావాలంటే మూడువందల పైచిలుకు మెట్లు దిగాలి. పిల్లలు ఆ వంతెన మీద గెంతుతుంటే పెద్దవాళ్లు పైన ఎదురుచూడాల్సిందే.

నీళ్లలోనూ తేడా ఉంది. టల్లూలా నదికి 1910ల్లో ఆనకట్ట కట్టి, నీటిని సొరంగం గుండా పవర్‌హౌస్‌కు మళ్లించారు. లోయలో పారేది ఆ పవర్ కంపెనీ వదిలినంతే. అమికలోలా వానను బట్టి ఉంటుంది, గట్టి వాన పడ్డ మర్నాడు చూస్తే మతిపోతుంది.

మీరిద్దరే వెళ్తున్నా, ఫ్రెండ్స్‌తో వెళ్తున్నా టల్లూలాకే వెళ్లండి. లోయ అడుగుకు దిగడానికి రోజుకు 100 పర్మిట్లే ఇస్తారు, ముందు బుకింగ్ లేదు, వారాంతంలో పార్కు తెరిచే 8 గంటలకే అక్కడ ఉండాలి. బండరాళ్ల మీద గెంతుతూ, నీళ్లలో తడుస్తూ వెళ్లాలి కాబట్టి చెప్పులు, క్రాక్స్ వేసుకొస్తే పర్మిట్ ఇవ్వరు. వాన రోజుల్లోనూ ఇవ్వరు.

హెలెన్ ఊరు చూడ్డానికి ఎలాగూ వెళ్తుంటే ఆనా రూబీ ఫాల్స్ కలుపుకోండి. జంట జలపాతాలు, చదును చేసిన దారి అరమైలు లోపే, కాకపోతే ఎత్తుగా ఉంటుంది. అది నేషనల్ ఫారెస్ట్‌ది కాబట్టి స్టేట్ పార్క్ పాసు చెల్లదు. ఇంకో స్టేట్ పార్కు క్లౌడ్‌లాండ్ కాన్యన్ అందమైనదే, కానీ దూరం ఎక్కువ, అక్కడా దిగి ఎక్కడమే. పెద్దవాళ్లతో వద్దు.

అమికలోలాకు వెళ్లేవాళ్లు అక్టోబర్, నవంబర్ శని, ఆదివారాలు మానుకోండి. ఆకులు రంగు మారే రోజుల్లో పొద్దెక్కేసరికి పార్కింగ్ నిండిపోతుంది. వెస్ట్ రిడ్జ్ పార్కింగ్ చిన్నది, అదే ముందు నిండుతుంది, అది దొరక్కపోతే పైన చెప్పిన ప్లాన్ మొత్తం పోయినట్టే. ఆ నెలల్లోనే వెళ్లాల్సి వస్తే మామూలు రోజున సెలవు పెట్టుకోండి, లేదా ఉదయం 7కి గేటు తెరిచే వేళకు చేరుకోండి. జెట్‌లాగ్‌తో పెద్దవాళ్లు ఎలాగూ నాలుగింటికే లేచి కూర్చుంటారు.