పడ్డ ప్రతిసారీ పనిచేసింది: టిప్ ఓవర్ సెన్సర్‌తో ఏడేళ్లు

ఏడేళ్లలో నా బండి అయిదుసార్లు పడింది. అందులో నాలుగుసార్లు వేగం దాదాపు సున్నా. కంకరలో వెనక్కి తిప్పుకుంటున్నప్పుడు, కాలు ఆనుతుందనుకున్న చోట గుంట ఉన్నప్పుడు, సైడ్ స్టాండు పూర్తిగా దిగిందనుకుని వదిలేసినప్పుడు. చెప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది గానీ, మోటార్‌సైకిల్ పడిపోతే ఇంజిన్‌ను ఆపించే ఈ సెన్సర్ గురించి రాయడానికి నాకున్న అర్హత అదే.

మొదటిసారి పడ్డప్పుడు అలాంటిదొకటి బండిలో ఉందని కూడా నాకు తెలియదు. ఎవరూ చూడలేదు కదా అని అటూ ఇటూ చూసుకుని, బండిని లేపి, స్టార్టర్ నొక్కాను. మోటారు తిరుగుతోంది, ఇంజిన్ మాత్రం అందుకోవడం లేదు. నొక్కాను, ఆగాను, మళ్లీ నొక్కాను. చివరికి విసుగొచ్చి కీ తీసి జేబులో వేసుకున్నాను. కాసేపాగి, పోయేదేముందని మళ్లీ కీ పెట్టి తిప్పితే ట్యాంకులోంచి పెట్రోలు పంపు జుయ్‌మంది. ఇందాకటి నుంచీ ఆ చప్పుడే లేదన్న సంగతి అప్పుడు తట్టింది. ఈసారి ఒక్క నొక్కుకే ఇంజిన్ అందుకుంది. నాకు తెలియకుండానే రీసెట్ చేశానన్నమాట.

ఆ తర్వాత సీటు విప్పి చూశాను. అగ్గిపెట్టెకు కాస్త పెద్దదైన నల్లటి డబ్బా, మూడు తీగలు. నా బండిలో ఉన్నది పాత పద్ధతిది. లోపల అయస్కాంతం ఉన్న చిన్న లోలకం వేలాడుతుంది. బండి సుమారు 65 డిగ్రీలు దాటి ఒరిగితే అది పక్కకు జరుగుతుంది, ఆ కదలికను అయస్కాంత క్షేత్రాన్ని గుర్తించే హాల్ సెన్సర్ పసిగడుతుంది. కొత్త బండ్లలో లోలకం బదులు త్వరణాన్ని కొలిచే చిప్ ఉంటోంది. ఏదైనా, ఆ స్థితి ఒక్క క్షణం కాకుండా కాస్తంత సేపు నిలిస్తేనే ఇంజిన్ కంప్యూటర్ పంపునూ, ఇంజిన్లోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టర్లనూ, స్పార్కునూ ఆపేస్తుంది. బండిని నిలబెట్టినా ఆ ఆజ్ఞ రద్దు కాదు. కీ ఆపి మళ్లీ వేసినప్పుడే కంప్యూటర్ కొత్తగా లెక్క మొదలుపెడుతుంది.

ఇంత పట్టుదల ఎందుకో నాలుగోసారి పడ్డప్పుడు అర్థమైంది. గేరులో ఉండగా బండి ఎడమవైపు పడింది, నేను పక్కకు దొర్లాను. వెనుక చక్రం గాలిలో గిర్రున తిరుగుతోంది, నా కాలు దానికి జానెడు దూరంలో ఉంది. కాలు లాక్కునేలోపే ఇంజిన్ ఆగింది. ఆగకపోయి ఉంటే చక్రం ఒక్కటే సమస్య కాదు. ఇంజిన్ తిరుగుతున్నంతసేపూ పంపు దాదాపు 3 బార్ ఒత్తిడితో పెట్రోలును నెడుతూనే ఉంటుంది, గొట్టం ఎక్కడైనా చిట్లితే అది చిమ్ముతుంది. పక్కకు పడ్డ ఇంజిన్లో ఆయిల్ ఒక మూలకు చేరి, ఆయిల్ పంపు గాలి పీలుస్తుంది.

నన్ను తరచూ అడిగే ప్రశ్న ఒకటుంది: మలుపులో బాగా వంచితే ఇంజిన్ ఆగిపోదా? ఆగదు. మలుపులో గురుత్వాకర్షణ కిందికి లాగితే అపకేంద్ర బలం బయటికి నెడుతుంది. రెండూ కలిసిన బలం ఒరిగిన బండి నిలువు గీత వెంటే, సీటు నుంచి చక్రాల వైపు పనిచేస్తుంది. అందుకే లోలకం దృష్టిలో బండి నిటారుగానే ఉంటుంది. నిండు నీళ్ల చెంబును గిరగిరా తిప్పినా నీరు ఒలకనట్టు. రేసుల్లో 60 డిగ్రీలకు పైగా వంచి నడిపేవారి ఇంజిన్లు ఆగకపోవడానికి కారణం ఇదే.

ఇక నా ఫిర్యాదులు. అయిదో ఏట వానాకాలంలో, గతుకుల మీద ఇంజిన్ లైటు వెలిగి బండి ఆగిపోవడం మొదలైంది. కీ ఆపి వేస్తే మళ్లీ నడిచేది. సెన్సర్ పోయిందని తీర్పు చెప్పేశాను. ఒక మెకానిక్ దాని స్థానంలో రెసిస్టర్ పెట్టి, బండి ఎప్పుడూ నిటారుగానే ఉందని కంప్యూటర్‌ను నమ్మిద్దామన్నాడు. వెనుక చక్రం గుర్తొచ్చి వద్దన్నాను. ఇంటికొచ్చి సెన్సర్‌ను తీగలతో సహా బయటికి లాగి, మల్టీమీటర్ పెట్టి చేతిలో వంచి చూశాను. నిటారుగా ఉంటే 1 వోల్టు దగ్గర, బాగా వంచితే ఒక్కసారిగా 4 వోల్టుల దగ్గరికి. మాన్యువల్ చెప్పినట్టే. కనెక్టర్‌ను కదిపితే మాత్రం అంకెలు చిందులేశాయి. లోపల ఒక పిన్నుకు పచ్చగా చిలుం పట్టింది. శుభ్రం చేశాక ఆ బాధ మళ్లీ రాలేదు.

అంతకుముందు ఇంకోసారీ దీన్ని అన్యాయంగా తిట్టాను. పడ్డాక కీ ఆపి వేసినా బండి కదలలేదు. బ్యాటరీ నీరసించే దాకా స్టార్టర్ నొక్కాక చూస్తే, పడేటప్పుడు నా చెయ్యి తగిలి, హ్యాండిల్ మీద ఇంజిన్ ఆపే కిల్ స్విచ్ ఆఫ్ అయి ఉంది.

ఇప్పుడు పడితే తొందరపడను. ముందు కీ ఆపుతాను. బండి లేపి స్టాండు వేసి, పెట్రోలు వాసన వస్తోందా, నేల మీద తడి ఉందా చూస్తాను. వాసన వస్తే స్టార్టర్ జోలికే పోను. లేకపోతే థ్రాటిల్ తిప్పి వదిలితే వెనక్కి వస్తోందా, లీవర్లు వంగాయా, కిల్ స్విచ్ ఎటు ఉంది చూసుకుని, ఆయిల్ కిందికి దిగడానికి కొన్ని నిమిషాలు ఆగుతాను. తర్వాత గేరు న్యూట్రల్‌లో పెట్టి, కీ వేసి, పంపు చప్పుడు విన్నాకే స్టార్టర్. మొదట కాస్త పొగ వస్తే కంగారు పడను. పక్కకు పడ్డప్పుడు గాలి గొట్టంలోకి చేరిన ఆయిల్ కాలుతున్నదది.

ఒక్క విషయంలో మాత్రం తయారీదారులకు మార్కులు వేయలేను. 'పడిపోయాను కనుక ఆపాను, కీ ఆపి వేయండి' అని డాష్‌బోర్డు మీద ఒక్క ముక్క రాదు. కొన్ని బండ్లలో వస్తుందట. నా దాంట్లో ఎక్కువ తక్కువ అన్నిటికీ ఒకటే ఇంజిన్ లైటు. యజమాని పుస్తకంలో రెండు వాక్యాలున్నాయి, అవి కూడా నాకు మూడోసారి పడ్డాక కనిపించాయి.

డబ్బా మీద పైకి చూపే బాణం గుర్తు ఒకటుంటుంది. చిలుం గీకి తిరిగి బిగించేటప్పుడు నేను దాన్ని తలకిందులుగా పెట్టాను. బండి నిక్షేపంగా నిలబడే ఉంది, సెన్సర్ మాత్రం పడిపోయిందనే వాదించింది. ఆ రోజు సాయంత్రం దాకా ఇంజిన్ అందుకోలేదు.