పిల్లి ట్రేలో బెంటోనైటా, టోఫూనా, ఇసుకా: ఏది మేలు?

ఇంట్లో పిల్లిని పెంచుకునేవాళ్లు లిట్టర్ (పిల్లి మలమూత్రాల కోసం ట్రేలో పోసే పొడి లేదా గుళికలు) కొనేటప్పుడు ముందు ధర చూస్తారు, తర్వాత వాసన గురించి అడుగుతారు. రెండూ అడగవలసినవే. నా లెక్కలో మాత్రం వాటికంటే ముందు రావలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. పిల్లి రోజుకు ఎన్నిసార్లు మూత్రం పోసింది, ఎంత పోసింది అన్నది ఆ లిట్టర్ చూసి చెప్పగలమా? పిల్లి తన జబ్బును చివరిదాకా దాచుకుంటుంది. తిండి మానేసి మంచం కింద నక్కేసరికి వ్యాధి బాగా ముదిరిపోయి ఉంటుంది. అంతకంటే ముందే మనకు జాడ దొరికే చోటు ట్రే.

ఆరోగ్యంగా ఉన్న పెద్ద పిల్లి సాధారణంగా రోజుకు రెండు నుంచి నాలుగుసార్లు మూత్రం పోస్తుంది. ఉండకట్టే లిట్టర్ వాడితే ప్రతిసారికీ ఒక ఉండ తయారవుతుంది. మీ పిల్లికి ఎన్ని ఉండలు, ఎంత పరిమాణం మామూలో వారం రోజులు గమనిస్తే తెలిసిపోతుంది. ఆ తర్వాత తేడా వస్తే వెంటనే కనబడుతుంది. గోలీలంత చిన్న చిన్న ఉండలు ఎక్కువగా కనిపిస్తే మూత్రాశయంలో మంట ఉండవచ్చు. వయసు మళ్లిన పిల్లి ఉండలు రానురాను పెద్దవవుతుంటే మూత్రపిండాల జబ్బో, మధుమేహమో అని అనుమానించి పరీక్ష చేయించాలి. మగపిల్లి పదేపదే ట్రేలోకి వెళ్లి ముక్కుతున్నా ఒక్క ఉండ కూడా లేదంటే అది అత్యవసరం. మగపిల్లి మూత్రనాళం చాలా సన్నం. అందులో స్ఫటికాలు అడ్డుపడి మూత్రం పూర్తిగా ఆగిపోతే ఒకటి రెండు రోజుల్లో ప్రాణం పోవచ్చు. తెల్లవారేదాకా ఆగకుండా పశువైద్యుడి దగ్గరకు తీసుకెళ్లాలి. మలబద్ధకం అనుకుని ఇంట్లో చిట్కాలు చేస్తూ కూర్చోవద్దు.

ఈ కొలతతో చూస్తే నా మొగ్గు సువాసన కలపని, సన్న రేణువుల బెంటోనైట్ మట్టి వైపే. పిల్లి మొగ్గు కూడా ఎక్కువగా అటే ఉంటుంది. ఇంటి పిల్లుల పూర్వీకులు పశ్చిమాసియా, ఉత్తర ఆఫ్రికాల అడవి పిల్లులు. పొడి నేలలో తవ్వి, పని ముగించి, కప్పిపెట్టడం వాటి నుంచి వచ్చిన అలవాటు. పాదం కింద మెత్తగా జారే సన్నటి రేణువులు చాలా పిల్లులకు నచ్చుతాయి. జంతువుల ప్రవర్తనపై పనిచేసిన పీటర్ బోర్షెల్ట్ 1991లో ప్రచురించిన పరిశీలనలోనూ పిల్లులు రకరకాల లిట్టర్లలో సన్నగా ఉండి ఉండకట్టే మట్టినే ఎక్కువగా ఎంచుకున్నాయి.

బెంటోనైట్ మనకు కొత్త వస్తువేమీ కాదు. కరెంటు ఎర్తింగ్ గుంతల్లో పోసే మట్టి అదే. మన దేశంలో గుజరాత్‌లోని కచ్, రాజస్థాన్‌లోని బాడ్మేర్ ప్రాంతాల్లో తవ్వుతారు. అమెరికాలో 1947లో ఎడ్వర్డ్ లోవ్ అనే వ్యాపారి బూడిదకు బదులుగా పొరుగింటామె పిల్లికి ఇచ్చిన మట్టి వేరు. అది మనవాళ్లు ముల్తానీ మట్టి అని పిలిచే జాతిది. తడిని పీల్చుకుంటుంది కానీ ఉండకట్టదు. ఉండకట్టే సోడియం బెంటోనైట్ 1980లలో వచ్చింది. నీరు తగలగానే ఈ మట్టి పొరల మధ్యకు నీరు చేరి అది ఉబ్బుతుంది. రేణువులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. సంచి మీద బెంటోనైట్ అని రాసినంత మాత్రాన సరిపోదు, అందులో కాల్షియం శాతం ఎక్కువైతే ఉండ విరిగిపోతుంది. ఇంటికి తెచ్చాక ఒక గిన్నెలో మూడు అంగుళాల మందాన పోసి, మధ్యలో రెండు చెంచాల నీళ్లు పోసి, పావుగంట ఆగి చిల్లుల గరిటతో ఎత్తి చూడండి. ఉండ విరగకుండా పైకి వస్తే మంచి సరుకు. గరిట చిల్లుల్లోంచి తడి ముద్దలు రాలిపోతే అది ట్రేలోనూ రాలుతుంది, మిగిలిన లిట్టరంతా రెండు రోజుల్లో కంపు కొడుతుంది. ఎర్తింగ్ కోసం అమ్మే పొడి చవకని తెచ్చి ట్రేలో పోయకండి. అది పిండిలా లేచి పిల్లి ఊపిరితిత్తుల్లోకి వెళుతుంది.

బెంటోనైట్ లోపాలు తక్కువేమీ కావు. దుమ్ము మొదటిది. ఆ దుమ్ములో సిలికా ఉంటుంది. ఇంట్లో ఆస్తమా ఉన్నవాళ్లున్నా, పిల్లికే ఆస్తమా ఉన్నా ఇది పెద్ద ఇబ్బంది. లిట్టర్‌ను సంచిలోంచి ఎత్తుగా పోయకుండా ట్రే అంచుకు ఆనించి నెమ్మదిగా ఒంచితే దుమ్ము కొంత తగ్గుతుంది. బరువు ఎక్కువ. లిఫ్టు లేని మూడో అంతస్తుకు పది కిలోల సంచి మోసినవాళ్లకు ఈ మాట విడమరచి చెప్పనక్కరలేదు. రేణువులు పాదాలకు అంటుకుని హాలంతా పరుచుకుంటాయి. హైదరాబాద్ ఇళ్లలో ఎక్కువగా కనిపించే పర్షియన్ పిల్లులకైతే కాలి వేళ్ల మధ్య పొడవాటి వెంట్రుకల్లో తడి మట్టి గట్టిపడి ఉండలవుతుంది. పిల్లి దాన్ని నాకుతూ మింగుతుంది. ఆ వెంట్రుకలను కత్తిరిస్తూ ఉండాలి, లేదా లిట్టర్ మార్చాలి. రెండు నెలలు నిండని కూనలకు మాత్రం ఇది అసలే వద్దు. అవి కనబడిన ప్రతిదాన్నీ నోట్లో పెట్టుకుంటాయి, ఉబ్బే మట్టి పేగుల్లో అడ్డుపడే ప్రమాదం ఉంది.

టోఫూ లిట్టర్ ఇప్పుడు ప్రతి పెట్ షాపులోనూ ఉంది. సోయాపాలు తీశాక మిగిలే పిప్పికి పిండిపదార్థం కలిపి సన్నటి కడ్డీలుగా చేస్తారు. తేలిక, దుమ్ము చాలా తక్కువ, పాదాలకు అంతగా అంటుకోదు, పారేశాక మట్టిలో కలిసిపోతుంది. పర్షియన్ పిల్లికీ, ఆస్తమా ఉన్న ఇంటికీ నేను నిస్సందేహంగా దీన్నే చెబుతాను. ఉండ కూడా కడుతుంది, కాబట్టి మూత్రం లెక్క తప్పిపోదు. అయితే ఆ ఉండ బెంటోనైట్ ఉండంత గట్టిగా ఉండదు. తడి అడుగుదాకా దిగితే ట్రేకు ముద్దలా అతుక్కుంటుంది, గీకి తీయాలి. అందుకే టోఫూను రెండు అంగుళాలకు తగ్గకుండా పోయాలి.

మన ప్రాంతంలో టోఫూకు అసలు శత్రువు తేమ. విశాఖపట్నం, కాకినాడ లాంటి సముద్రతీర పట్టణాల్లో వానాకాలం మొదలయ్యాక ఆ కడ్డీలు గాలిలోని తడికే మెత్తబడతాయి. ఎంతైనా ఇది తిండి గింజల పదార్థం. తెరిచిన సంచిని అలాగే వదిలేస్తే పురుగు పడుతుంది, బూజు పడుతుంది. బూజు పట్టినదాన్ని ఎండబెట్టి మళ్లీ వాడవద్దు. చిన్న సంచులు కొని, తెరిచాక మూత బిగుతుగా ఉండే డబ్బాలోకి మార్చి, తయారీ తేదీ చూసుకుంటే చాలావరకు ఈ బాధ తప్పుతుంది. పొడి గాలి ఉండే హైదరాబాద్, కర్నూలు, అనంతపురం ఇళ్లలో ఏడాదిలో ఎక్కువ నెలలు దీనితో ఇబ్బంది ఉండదు. తీరంలో ఉండి, ఇంట్లో ఆస్తమా లేనివాళ్లకు నేను బెంటోనైటే చెబుతాను.

టోఫూ సంచి మీద టాయిలెట్‌లో వేసి నీళ్లు కొట్టవచ్చని రాసి ఉంటుంది. ఆ మాట నమ్మి వేయకండి. మన అపార్టుమెంట్లలో పాత పైపులకూ, సెప్టిక్ ట్యాంకులకూ ఉబ్బే పదార్థం మంచిది కాదన్నది ఒక కారణం. అంతకంటే పెద్ద కారణం పిల్లి మలంలో ఉండగల టాక్సోప్లాస్మా అనే పరాన్నజీవి. దాని గుడ్లు మురుగునీటి శుద్ధిలో చావకుండా నదులకూ సముద్రానికీ చేరతాయి. కాలిఫోర్నియా తీరంలో సముద్రంలో ఉండే నీటి కుక్కల (సీ ఓటర్ల) చావులకు ఈ జీవి ఒక కారణమని తేలాక, పిల్లి మలాన్ని టాయిలెట్‌లో వేయవద్దని లిట్టర్ సంచుల మీద రాయాలని ఆ రాష్ట్రం 2006లో చట్టం చేసింది. బెంటోనైట్ అయితే చెప్పనే అక్కరలేదు, పైపులోనే గట్టిపడుతుంది. ఏ లిట్టరైనా కాగితంలో చుట్టి, మూతి కట్టి చెత్తబండికి ఇవ్వడమే సరైన పద్ధతి. కూరగాయల కుండీల్లోనూ వేయవద్దు.

టాక్సోప్లాస్మా మాట వచ్చింది కాబట్టి ఇక్కడ కొంచెం ఆగుతాను. ఇంటి కోడలికి నెల తప్పిందని తెలియగానే, ఈ పరాన్నజీవి సోకితే కడుపులో బిడ్డకు హాని అన్న భయంతో పిల్లిని ఎక్కడో వదిలేసి రమ్మనడం మన ఇళ్లలో జరుగుతూనే ఉంది. నాకు అది చాలా బాధ కలిగించే విషయం. ఇంటి అన్నం తప్ప ఎరుగని పిల్లి వీధిలో ఎన్నాళ్లు బతుకుతుంది? ఆ భయానికి తేలికైన పరిష్కారం ఉంది. మలంలో వచ్చిన గుడ్లు వెంటనే సోకవు, అవి సోకే దశకు రావడానికి ఒకటి నుంచి ఐదు రోజులు పడుతుంది. రోజూ ట్రే శుభ్రం చేస్తే ఆ దశ రాదు. ఆ పని ఇంట్లో వేరొకరు చేయాలి, ఎవరూ లేకపోతే చేతి తొడుగులు వేసుకుని చేసి సబ్బుతో చేతులు కడుక్కోవాలి. బయట తిరగని, పచ్చి మాంసం తినని పిల్లి నుంచి ప్రమాదం చాలా తక్కువ. సరిగా ఉడకని మాంసం, కడగని కూరగాయలు అంతకంటే ఎక్కువ జాగ్రత్త పడవలసినవి.

ఇసుక సంగతికి వస్తే, పిల్లికి అది ఇష్టమే. ఊళ్లో పెరడున్న ఇంట్లో పిల్లి తనంతట తానే ఇసుక కుప్ప వెతుక్కుంటుంది. ఫ్లాటులో ట్రేకు మాత్రం ఇసుక పనికిరాదని నా అభిప్రాయం. మూత్రం రేణువుల మధ్యగా జారి అడుగున నిలుస్తుంది, అక్కడే అమ్మోనియా పుడుతుంది. ఎంత మూత్రం పోసిందో తెలియదు. పైగా ఇల్లు కట్టే చోట పోసిన ఇసుకను వీధిపిల్లులు అప్పటికే వాడి ఉంటాయి. టాక్సోప్లాస్మా గుడ్లు తడి మట్టిలో నెలల తరబడి బతుకుతాయి. బయట తిరగని పిల్లి ఇంట్లోకి మనమే రోగాన్ని మోసుకొచ్చినట్టవుతుంది. వరి ఊక తడిని సరిగా పీల్చదు. కొబ్బరి పొట్టు బాగా పీలుస్తుంది, వాసనా కొంత అణుస్తుంది, కానీ ఉండకట్టదు, తడి పాదాలతో నేలంతా గోధుమరంగు మరకలు పడతాయి. టింబర్ డిపో నుంచి తెచ్చే రంపపు పొట్టులో ప్లైవుడ్ పొడి కలిసి ఉంటే అందులోని జిగురు రసాయనాలు పిల్లికి హాని చేస్తాయి. చెక్క గుళికలు వాసనను బాగానే ఆపుతాయి, తడిస్తే పొట్టుగా విడిపోతాయి కాబట్టి జల్లెడ ఉన్న ట్రే కావాలి.

సిలికా జెల్ గురించి ఎక్కువ చెప్పను. చెప్పుల డబ్బాలో వచ్చే చిన్న పొట్లంలోని పదార్థమే ఇది. వాసన ఆపడంలో మిగతా అన్నింటికంటే మేలు. రోజంతా ఆఫీసులో ఉండేవాళ్లకు ఆకర్షణగానే ఉంటుంది. కానీ మూత్రమంతా స్ఫటికాల్లోకి ఇంకిపోతుంది, ఒక్క ఉండ కూడా మిగలదు. మగపిల్లి ఉన్న ఇంట్లో నేను వద్దంటాను. కాగితం ముక్కల పని వేరు. కుటుంబ నియంత్రణ ఆపరేషన్ లాంటివి అయ్యాక కుట్లు మానేదాకా పాత దినపత్రికను చించి పోయడం మంచిది, గాయానికి మట్టి అంటదు.

మల్లె, లావెండర్, నిమ్మ వాసనలు కలిపిన సంచులు మనుషుల కోసం తయారైనవి. పిల్లి ముక్కు మన ముక్కుకంటే ఎన్నో రెట్లు సూక్ష్మం, ఆ ఘాటు భరించలేక కొన్ని పిల్లులు సోఫా మీద మూత్రం పోయడం మొదలుపెడతాయి. వాసన తగ్గడానికి ఉదయం, సాయంత్రం ఉండలు తీసేయడాన్ని మించిన ఉపాయం లేదు. ట్రేను నెలకొకసారైనా ఖాళీ చేసి మామూలు సబ్బునీళ్లతో కడగండి. ఫినాయిల్ మాత్రం దగ్గరకు రానీయవద్దు. నల్ల ఫినాయిల్‌లోని ఫినాల్ పదార్థాలను విరిచి బయటికి పంపే శక్తి పిల్లి కాలేయానికి సరిగా లేదు. తెల్లదానిలోని పైన్ నూనె కూడా విషమే. పాదాలకు అంటినదాన్ని పిల్లి నాకి మింగుతుంది.

ధర పోల్చేటప్పుడు కిలో లెక్క మోసం చేస్తుంది. అదే ట్రే నింపడానికి బెంటోనైట్ కంటే టోఫూ బరువులో చాలా తక్కువ పడుతుంది, కొన్ని సంచుల మీద లీటర్లలో రాస్తారు. ఒక్కొక్కటి ఎన్ని వారాలు వచ్చిందో సంచి మీదే తేదీ రాసి పెట్టుకుంటే నెల ఖర్చు తేలుతుంది. ఉండ విరిగిపోయే చవక సరుకు తరచుగా మొత్తం పారబోయవలసి వచ్చి చివరికి ఖరీదైనదే అవుతుంది.

కొత్త రకానికి ఒక్కసారిగా మారవద్దు. ఎన్ని పిల్లులుంటే వాటికంటే ఒకటి ఎక్కువ ట్రేలు పెట్టాలని పశువైద్యులు చెబుతారు కాబట్టి, ఒక పిల్లి ఉన్న ఇంట్లోనూ రెండు ట్రేలు ఉండాలి. ఒకదానిలో పాతది ఉంచి, రెండోదానిలో కొత్తది పోయండి. పిల్లి ట్రే అంచు మీద నిలబడి లోపల కాలు మోపడానికి జంకుతున్నా, పాదాలు విదిలిస్తున్నా, కప్పకుండా దూకి పారిపోతున్నా ఆ లిట్టర్ దానికి నచ్చలేదు. రెండు వారాల తర్వాత ఏ ట్రేలో ఎక్కువ ఉండలు దొరుకుతున్నాయో చూసి, తర్వాతి సంచి ఆ రకమే కొనండి.