వెలోడ్రోమ్‌లో ఆరేళ్లు తిరిగిన నా 85 ఎంఎం లెన్స్

ఇండోర్ ట్రాక్ సైక్లింగ్‌కి ఏ లెన్స్ కొనాలి అని అడిగితే నేను చెప్పేది ఒకటే, ఖరీదైన జూమ్ జోలికి పోకుండా సెకండ్ హ్యాండ్‌లో ఒక 85 ఎంఎం ఎఫ్1.8 చూసుకోండి (ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే లెన్స్ అంత ఎక్కువ వెలుగు లోపలికి తీసుకుంటుంది). ఆరేళ్లుగా ఢిల్లీ ఇందిరాగాంధీ స్టేడియం వెలోడ్రోమ్‌లో, అంటే సైకిల్ పందేల ట్రాక్‌లో, క్రాప్ సెన్సర్ బాడీకి (చిన్న సెన్సర్ ఉన్న కెమెరా) తగిలించి ఇదే వాడుతున్నాను.

అంతకుముందు మామూలు 70-300 ఎంఎం జూమ్ ఉండేది. ఆ చెక్క ట్రాక్ టీవీలో ధగధగలాడుతుంది గానీ లోపలికెళ్లి కెమెరా లైట్ మీటర్ చూస్తే వెలుగెంత తక్కువో తెలుస్తుంది. స్ప్రింట్‌లో రైడర్లు గంటకి 70 కి.మీ. దాకా పోతారు, అంటే 1/1000 సెకను షటర్ పెట్టినా ఆ కాస్త సేపట్లోనే సైకిల్ రెండు సెంటీమీటర్లు జరిగిపోతుంది. దానికి జూమ్ ఎఫ్5.6 దగ్గర ఐఎస్ఓ (వెలుగుకి సెన్సర్ స్పందన, పెంచేకొద్దీ ఫొటోలో రవ్వ పెరుగుతుంది) 12800 అడిగేది, మొహాల మీద ఉప్మా రవ్వ చల్లినట్టుండేది. ఇప్పుడు అదే వెలుగులో ఎఫ్2, ఐఎస్ఓ 1600. ఫ్లాష్ ఊసే ఎత్తకండి, బ్రేకుల్లేని సైకిల్ మీద వచ్చేవాడి కళ్లలోకి ఎవరైనా లైటు కొడతారా?

ఫోకస్ మాత్రం మొదటి ఏడాది ఏడిపించింది. బ్యాంకింగ్ (మలుపుల్లో ఏటవాలుగా లేచిన ట్రాక్) పైనుంచి ఒక్కసారిగా కిందికి దూకుతారు కదా, తీరా చూస్తే ముందు టైరు మీది అక్షరాలు చదవొచ్చు, మొహం మసక. ఇప్పుడు నాలుగో మలుపు దాటే చోట ఎర్ర గీత మీద ముందే ఫోకస్ పెట్టుకుని కూర్చుంటాను. హెల్మెట్ అద్దంలో పైకప్పు లైట్లు తప్ప కళ్లెలాగూ కనబడవు, గడ్డం షార్ప్‌గా వస్తే చాలు. ఎఫ్1.8 దగ్గర తెల్ల హెల్మెట్ల అంచున ఊదా రంగు పాకుతుంది, అందుకే ఎఫ్2 దాటి తెరవడం తగ్గించేశాను. బర్స్ట్‌లో (గబగబా వరసగా తీసే ఫొటోల్లో) ఒక ఫ్రేము పసుపు, ఒకటి చీకటి వస్తే లెన్స్‌ని తిట్టకండి, మన 50 హెర్ట్జ్ కరెంటుకి కొన్ని లైట్లు సెకనుకి వందసార్లు మినుకుమంటాయి. బాడీలో యాంటీ ఫ్లికర్ ఆన్ చేసుకోండి.

2022 జూన్‌లో ఏషియన్ ఛాంపియన్‌షిప్స్ ఇక్కడే జరిగాయి, స్ప్రింట్‌లో మన రైడర్ రొనాల్డో సింగ్‌కి రజతం. నేను గ్యాలరీలో ఉన్నాను, అవతలి స్ట్రెయిట్ 85కి అందక క్రాప్ చేసి చేసి ఫొటో స్టాంపు సైజుకొచ్చింది. ఉస్మానియా వెలోడ్రోమ్ అయితే ఆరుబయటే కాబట్టి పగటిపూట ఏ జూమయినా నడుస్తుంది.

పోయిన నెల ఫోకస్ రింగ్ వదులైతే రిపేరుకిచ్చాను. ఈ వారం పాత జూమ్‌తో వెళ్లొచ్చాను. ఆ ఫొటోలు అడక్కండి.