పాత టేబుల్ సా మిషనుకు రేకు తొట్టి: రెండున్నరేళ్లు వాడాక

మా షెడ్డు తిరుపతిలో, రేణిగుంట రోడ్డు పక్క సందులో. పూజా మందిరాలు, తలుపులు, ఈమధ్య ఎక్కువగా కిచెన్ కప్‌బోర్డుల పని. టేబుల్ సా, అంటే బల్ల మధ్యలోంచి బ్లేడు పైకి వచ్చే కోత మిషను, మా నాన్న కొన్నది. పోత ఇనుప బల్ల, 12 అంగుళాల బ్లేడు, వెనకాల బెల్టుతో వేలాడే 2 హెచ్‌పీ మోటారు. కోతలో ఇప్పటికీ వంక పెట్టడానికి లేదు. కానీ బల్ల కింద అంతా ఖాళీ, పొట్టంతా నా కాళ్ల మీదే పడేది. ఎండీఎఫ్ (చెక్క పీచును జిగురుతో అదిమి చేసే పలక) కోసిన రోజు రాత్రి ముక్కు చీదితే గోధుమరంగులో వచ్చేది. చెక్కపొడిని క్యాన్సర్ కారకాల మొదటి గుంపులో, అంటే ఖాయంగా క్యాన్సర్ తెచ్చేవాటిలో, పెట్టారని తెలిశాక టెన్షన్ పట్టుకుంది. కొత్త మిషనుకు డబ్బుల్లేవు కాబట్టి 24 గేజి జీఐ రేకుతో (జింకు పూత ఉన్న ఇనుప రేకు) బల్ల కింద పొట్టు పట్టే తొట్టి కట్టించాను.

ఏసీ డక్టులు చేసే రేకుల పెద్దాయన కొలతలకు వచ్చినప్పుడే చెప్పాడు: "బ్లేడు నిలబెట్టి కొలిస్తే చాలదు నాయనా, వంచి చూపించు." ఎప్పుడోగానీ వంచం లెమ్మన్నాను. నెల తిరక్కుండానే ఒక మందిరం మూలల కోసం 45 డిగ్రీలు వంచితే మోటారు బ్రాకెట్టు వెళ్లి రేకును నొక్కేసింది. ఆ సొట్ట ఇప్పటికీ ఉంది. రెండోసారి ఫ్రిజ్ అట్టపెట్టె కోసి నమూనా చేశాం. బ్లేడును పూర్తిగా లేపి, దించి, వంచి, ప్రతిసారీ ఎక్కడ తగులుతుందో పెన్సిలుతో గీసుకున్నాకే రేకు కత్తిరించాం. అతుకులన్నీ రివిట్లే. జీఐ రేకును వెల్డింగ్ చేస్తే జింకు పొగ వస్తుంది, అది పీలిస్తే జ్వరం పట్టుకుంటుంది.

మోటారును తొట్టిలోకి రానివ్వలేదు. మన మే నెల ఎండల్లో దాన్ని డబ్బాలో మూస్తే కాలిపోతుంది. బెల్టు అటూ ఇటూ జరిగే సందుకు మాత్రం పాత సైకిల్ ట్యూబు చీల్చి తెరలా వేలాడదీశాం. బ్లేడు వంచే చక్రం జరిగే వంకర గాడికి ఫ్లెక్సీ షాపులో దొరికే మాగ్నెట్ షీటు అంటించాను, ఒరిగించి కోసేటప్పుడు తీసేస్తే సరి. ఈ రెండూ అద్భుతంగా పనిచేశాయి. అతుకులకు పూసిన సిలికాన్ మాత్రం అదురుకు రెండుసార్లు ఊడింది.

నాకు అసలు పాఠం నేర్పింది గాలి. మొదట ఇంట్లో వాడే వాక్యూమ్ తగిలించాను. పది నిమిషాలకే చెక్క పీచు అడ్డుపడి గొట్టం పూడుకుపోయింది. 4 అంగుళాల గొట్టంలో పొట్టు మధ్యలో ఆగకుండా పోవాలంటే నిమిషానికి దాదాపు 350 ఘనపుటడుగుల గాలి కదలాలి, ఇంటి వాక్యూమ్‌తో అందులో సగం కూడా రాదు. పొట్టును లాగి సంచిలో నింపే డస్ట్ కలెక్టర్ సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. తర్వాత అత్యుత్సాహంతో ఉన్న ప్రతి కన్నమూ మూసేశాను. కలెక్టర్ హోరు పెరిగింది గానీ పొట్టు మూలల్లోనే కూర్చుంది. ఎందుకో అర్థం కావడానికి వారం పట్టింది. లోపలికి గాలి వచ్చే దారే లేకపోతే బయటికి లాగేదేముంది? గొట్టానికి సరిగ్గా ఎదురుగా, ముందు వైపు అడుగున, రెండు వేళ్లు పట్టేంత చీలిక కోయించాను. మరుసటి రోజు తొట్టి పక్క తలుపు తీసి చూస్తే ఊడ్చినట్టుంది.

ఇక లోపాలు. బల్ల పైకి ఎగిరే పొడిని ఇది ఆపదు. అంచు చెక్కేటప్పుడు, అంటే బ్లేడు సగం గాలిలో ఉన్నప్పుడు, మొహం మీదికే కొడుతుంది. మాస్కు మానలేదు. చిన్న ముక్కలు బ్లేడు పక్క సందులోంచి జారి గొట్టం నోట్లో ఇరుక్కుంటాయి. జాలీ పెట్టి చూశాను, అది ఇంకా త్వరగా పూడిపోయింది, తీసేశాను. అందుకే పక్కన గొళ్లెం తలుపు పెట్టించుకోండి, మా దగ్గర వారానికోసారి తెరుస్తాం. ఎండాకాలం పొడిగాలికి పీవీసీ గొట్టం ముట్టుకుంటే చురుక్కుమనేది, రాగి తీగ చుట్టి ఎర్త్‌కు కలిపాక తగ్గింది. కలెక్టర్ సంచిలోంచి సన్నపొడి బయటికి వస్తుంది కాబట్టి దాన్ని షెడ్డు వెనక చూరు కిందికి మార్చాను.

రేకు, కూలి, గొట్టం కలిపి నాలుగు వేలు దాటలేదు. కలెక్టర్ ఖర్చు వేరే. మళ్లీ చేయిస్తే తొట్టి అడుగు వాలు ఇంకా నిటారుగా పెట్టిస్తాను.

టేకు, మామిడి పొట్టును వీధి చివర టిఫిన్ సెంటరు అక్క పొట్టు పొయ్యికి తీసుకెళ్తుంది. ఎండీఎఫ్ కోసే ముందు మాత్రం సంచి మార్చేస్తాం, ఆ పొట్టులో జిగురు ఉంటుంది. ఎండీఎఫ్ సంచికి ఎర్ర పెయింటుతో అడ్డగీత కొట్టి ఉంచాను. "అక్కా, గీతున్నది నీది కాదు" అని వచ్చినప్పుడల్లా చెప్తూనే ఉంటాను.