జిరంగ్‌లో మమ్మల్ని తెలుగులో పలకరించిన టిబెట్ పెద్దావిడ

ఒడిశాలోని గజపతి జిల్లా కొండల్లో టిబెటన్లు ఉండే జిరంగ్‌కి వెళ్లొచ్చాం. ముందు దారిలో ఆగిన బరంపురం లాడ్జి సంగతి చెప్పాలి, లేకపోతే నా కడుపుమంట చల్లారదు. దసరా సెలవులకి సికింద్రాబాద్ నుంచి బయల్దేరే ముందే స్టేషన్ దగ్గర గది మాట్లాడుకున్నాం. ఫోన్‌లో 1,400 అన్నారు, అడ్వాన్సు 500 పంపాం. రైలు రెండు గంటలు ఆలస్యమైంది. వెళ్లేసరికి కౌంటర్‌లో కుర్రాడు ఆ గది వేరేవాళ్లకి ఇచ్చేశామన్నాడు, 2,200 గది ఒక్కటే ఉందన్నాడు. అడ్వాన్సు తీసుకున్న మేనేజరు ఊళ్లో లేడట. అత్తయ్యకి మోకాళ్ల నొప్పులు, మా అబ్బాయికి నిద్ర, చేతుల నిండా సామాను. ఒప్పుకోక ఏం చేస్తాం?

ఆ 2,200 గదిలో గీజర్ పనిచెయ్యదు. బకెట్ వేడినీళ్లకి 40 రూపాయలు. పొద్దున్న బిల్లులో అదనపు పరుపుకని 300 రాశారు. ఆ పరుపు మేము అడగలేదు, వాళ్లు వెయ్యలేదు. మావారు అరగంట గొడవపడి ఆ 300 కొట్టేయించారు గాని 500 అడ్వాన్సు మాత్రం పోయింది. దసరా రోజుల్లో బరంపురంలో ఆగాల్సి వస్తే గది కళ్లతో చూశాకే డబ్బు ఇవ్వండి. వీలైతే అసలు ఆగకండి, రైలు దిగి నేరుగా కొండెక్కెయ్యండి.

కారు పోనూ రానూ, ఒక రాత్రి ఉండటంతో కలిపి 4,200. డ్రైవర్ తెలుగువాడే. దారిలో తప్తపాణి వేడినీళ్ల గుండం చూశాం, గంధకం వాసన. ఆ తర్వాత ఘాట్ రోడ్డు. లాడ్జి దగ్గర్నుంచి అత్తయ్య ఎవరితోనూ మాట్లాడలేదు.

మోహన దాటాక సంతలో సవర గిరిజన ఆడవాళ్లని చూసి ఆవిడ మొహం విప్పారింది. అత్తయ్యది శ్రీకాకుళం జిల్లా పాతపట్నం. చిన్నప్పుడు చింతపండు, అడ్డాకులు తెచ్చే సవరలని రోజూ చూసేవారట. గిడుగు రామమూర్తి పంతులుగారు సవర భాష నేర్చుకుని, పాఠాలు, వ్యాకరణం, నిఘంటువు రాసింది ఈ గజపతి జిల్లా పర్లాకిమిడిలో ఉండగానే. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అటు వెళ్లినప్పుడు ఆయన రాజమండ్రి వచ్చేశారు. ఆగస్టు 29న తెలుగు భాషా దినోత్సవం జరుపుకుంటాం కదా, అది ఆయన పుట్టినరోజే అని చెబితే మా అబ్బాయి ఫోన్ పక్కన పెట్టి విన్నాడు.

చంద్రగిరి దాటగానే మొక్కజొన్న చేల మధ్య రంగురంగుల మంత్రాల జెండాలు. 1959లో దలైలామాతో పాటు వేలమంది టిబెటన్లు మన దేశానికి వచ్చారు. వాళ్లకి ఒక్కో రాష్ట్రం కొంత భూమి ఇచ్చింది. ఇక్కడి ఫుంట్సోక్‌లింగ్ సెటిల్‌మెంట్ 1963లో మొదలైంది. అడవి కొట్టి పొలం చేసుకున్నారు. ఊరంటే ఒకచోట ఉండదు, క్యాంపులుగా విడిపోయి ఉంటుంది. సవరలు, ఒడియావాళ్లు, తెలుగువాళ్లు, టిబెటన్లు అందరూ అదే సంతకి వస్తారు. జిరంగ్‌లోని పద్మసంభవ మహావిహారం అనే బౌద్ధ మఠాన్ని 2010లో దలైలామాయే వచ్చి ప్రారంభించారు. లోపలి బుద్ధ విగ్రహం కింద నిలబడి తలెత్తితే మెడ నొప్పి పుడుతుంది. మనకి పర్మిట్ అక్కర్లేదు, విదేశీయులకి మాత్రం కావాలి.

రాత్రికి ఒక టిబెటన్ ఇంట్లో దిగాం. గది 1,000, భోజనం మనిషికి 150. గడపలో ఉన్న పెద్దావిడ అత్తయ్యని చూసి, "రండి అమ్మా, హైదరాబాదా? ఏ ఏరియా?" అంది. మేమంతా బొమ్మల్లా నిలబడిపోయాం. చాలా ఏళ్లు చలికాలం వచ్చేసరికి మొక్కజొన్న కోతలు అయిపోగానే హైదరాబాద్ వచ్చి డేరాలో స్వెటర్లు అమ్మేదట. "తగ్గించు, తగ్గించు అనేవాళ్లు మీ హైదరాబాద్‌వాళ్లు. మూడొందలంటే నూటయాభై" అని నవ్వింది. నేను ఆ డేరాల్లో అలాగే బేరమాడినదాన్నే. రోజంతా నిలబడి అమ్మి, రాత్రి అక్కడే పడుకునేవాళ్లమని చెబుతుంటే నా గొంతు పట్టేసింది.

అత్తయ్య మాంసం ముట్టరు. అది వినగానే పెద్దావిడ కూరకి వేరే గిన్నె తీసింది. టింగ్మో పెట్టారు, మడతలు మడతలుగా ఆవిరి మీద ఉడికిన మైదా కుడుము అన్నమాట. దాంతో బంగాళాదుంప కూర, ఎండుమిర్చి నూరిన సేపెన్ పచ్చడి. ఆ పచ్చడిలో మా ఇంటి గోంగూర కలుపుకుని అత్తయ్య నాలుగు టింగ్మోలు తిన్నారు. పెద్దావిడ కూడా గోంగూర నాకి చూసి, ఇంకొంచెం వడ్డించుకుంది. వెన్న టీ మాత్రం మాకెవరికీ ఎక్కలేదు, ఉప్పగా ఉంటుంది.

పొద్దున్న లెక్క కట్టి 1,600 ఇస్తే వంద వెనక్కి ఇచ్చింది, అబ్బాయి సరిగ్గా తినలేదు కదా అని. మోకాళ్లు సహకరించక ఈసారి పెద్దావిడ స్వెటర్లు అమ్మడానికి హైదరాబాద్ రావడం లేదు, ఆవిడ కోడలు వస్తుందట. అత్తయ్య మా దిల్‌సుఖ్‌నగర్ అడ్రస్ కాగితం మీద రాసి ఇచ్చి, మధ్యాహ్నం భోజనానికి ఇంటికే రమ్మని చెప్పమన్నారు. మిగిలిన గోంగూర సీసా అక్కడే వదిలేసి కారెక్కాం.