సమ్‌లో డేరా వద్దు, తనోట్ రోడ్డు పట్టండి

జైసల్మేర్ వెళ్తున్నవాళ్లు సమ్ ఇసుక తిన్నెల దగ్గర టెంటు బుక్ చేసే ముందు ఇది చదవండి. మనిషికి 3,200 చొప్పున ముగ్గురికి 9,600 ముందే కట్టించుకున్నారు. మ్యాప్‌లో పిన్ను సరిగ్గా తిన్నెల నడుమ ఉంది. ఫోటోల్లో గుమ్మం ముందే ఇసుక. తీరా వెళ్తే మా డేరా మెయిన్‌రోడ్డు పక్కన, జనరేటరుకి ఆనుకుని ఉంది. తిన్నెలకి ఇంకో రెండు కిలోమీటర్లు పోవాలట. "మ్యాప్ తప్పు చూపిస్తోంది మేడమ్" అన్నాడు మేనేజరు. ఆ పిన్ను పంపింది అతనే! ఒంటె సవారీ ప్యాకేజీలోనే అని ఫోన్లో చెప్పి, అక్కడికెళ్లాక మనిషికి 400 అడిగారు. పావుగంటలో దించేశారు. జనవరి చలిలో బకెట్ వేడినీళ్లకి 50. అర్ధరాత్రి దాకా డీజే మోత. అరవై ఎనిమిదేళ్ల మా అత్తయ్య చెవుల్లో దూది పెట్టుకుని, శాలువా కప్పుకుని మంచమ్మీద అలా కూర్చునే ఉన్నారు. ఆవిడ్ని అలా చూసి నాకు ఏడుపొచ్చింది. పొద్దున మా ఆయన గట్టిగా అడిగితే వెయ్యి వెనక్కిచ్చారు, అంతే.

జైసల్మేర్ ఊళ్లో రెండు రోజులు హాయిగా గడిచాయి. 1156లో రావల్ జైసల్ పునాది వేసిన కోటలో ఇప్పటికీ జనం కాపురాలున్నారు. బస మాత్రం కోట బయటే చూసుకోండి. లోపల వాడిన నీళ్లు కిందికి ఇంకి ఆ పసుపు రాతి గోడల్నే దెబ్బతీస్తున్నాయి. మాకు బయట శుభ్రమైన గది 1,800కే దొరికింది.

అసలు ఆనందం నాలుగో రోజు. పాకిస్తాన్ సరిహద్దు దగ్గరి తనోట్, లోంగేవాలా చూపించి తీసుకురావడానికి టాక్సీ 4,500. జైసల్మేర్ నుంచి తనోట్ దాదాపు 120 కిలోమీటర్లు. రామ్‌గఢ్ దాటాక ఫోన్లో సిగ్నల్ పోయింది, కిలోమీటరు రాళ్లే దిక్కు. అయినా ఎక్కడా తడబడలేదు, రోడ్డు అంత బాగుంది. తనోట్ మాత గుడి బాగోగులు సరిహద్దు భద్రతా దళం జవాన్లే చూస్తారు. 1965 యుద్ధంలో ఇక్కడ పడి పేలని ఫిరంగి గుండ్లను అద్దాల వెనక పెట్టారు. కోరిక కోరుకుని రుమాలు కట్టడం ఇక్కడి ఆచారం. అత్తయ్య రుమాలు కట్టి, ఏం కోరుకున్నారో మాత్రం చెప్పలేదు. లోంగేవాలాలో 1971 డిసెంబరులో మనవాళ్లు ఆపేసిన పాకిస్తాన్ ట్యాంకులున్నాయి. సుమారు 120 మంది రాత్రంతా ఎదురు నిలబడ్డ నేల అది. మా ఆయన అక్కణ్నుంచి ఓ పట్టాన కదల్లేదు.

తిరుగు దారిలో డ్రైవరు ఓ చెట్టు చూపించి "ఖేజ్రీ" అన్నాడు. అత్తయ్య కారు ఆపించి, దిగి, రెమ్మ పట్టుకుని చూశారు. సన్నటి ఆకులు, చిన్న చిన్న ముళ్లు. "ఇది మన జమ్మి కదే!" అన్నారు. నిజమే, దసరాకి మనం పూజించే జమ్మి. తెలంగాణకీ రాజస్థాన్‌కీ రాష్ట్ర వృక్షం ఇదే. 1730లో జోధ్‌పూర్ దగ్గర ఖేజడ్లీలో ఈ చెట్లను నరకనివ్వబోమని అమృతాదేవి అనే ఆవిడతో సహా 363 మంది బిష్ణోయీ సముదాయం వాళ్లు ప్రాణాలిచ్చారు. ఆ సంగతి చెబితే అత్తయ్య రెమ్మ వదిలి చెట్టుకి దణ్ణం పెట్టుకున్నారు.

రామ్‌గఢ్‌లో ఓ చిన్న ధాబాలో భోజనం 150. కేర్ సాంగ్రీ కూర, సజ్జ రొట్టె, మజ్జిగ. సాంగ్రీ అంటే ఆ జమ్మి కాయలే. లేతగా ఉన్నప్పుడు కోసి ఎండబెట్టి, నానబెట్టి, ఆమ్‌చూర్ (ఎండు మామిడికాయ పొడి), ఎండుమిర్చి వేసి నూనెలో మగ్గిస్తారు. కేర్ చిన్న గుండ్రటి కాయ, కొరికితే పుల్లగా, కాస్త వగరుగా ఉంటుంది. ఇన్నేళ్లు జమ్మికి మొక్కుతూ, కాయలు తినొచ్చని తెలియనే తెలియదని అత్తయ్య రెండో రొట్టె అడిగి మరీ తిన్నారు. జైసల్మేర్ బజార్లో పావుకిలో ఎండు సాంగ్రీ 300 పెట్టి కొన్నాం. కొనేటప్పుడు సన్నగా, లేతగా ఉన్నవి ఏరుకోండి. ముదురు కాయలు ఎంత నానినా పీచుపీచుగానే ఉంటాయి.